వదిన వేసిన చింతపండు షెడ్డు

వ్యాపారం ఎలా పెంచాలో చెప్పేవాళ్ళకు మా వైపు కరువు లేదు. ధర్మపురిలో చిన్న వ్యాపారస్తుల కోసం ఒక రోజు క్లాసు పెడితే నేనూ మా వదినా బస్సెక్కి వెళ్ళాం. ఏసీ గది, గోడ మీద రంగురంగుల బొమ్మలు, మధ్యాహ్నం సాంబారన్నం, తమిళంలో గుక్క తిప్పుకోకుండా మాట్లాడే ఒక పెద్దమనిషి. సరుకంతా ఒక్కడికే అమ్మొద్దన్నాడు. రాబడి పెరగకముందే ఖర్చు పెంచొద్దన్నాడు. పెద్ద బేరం తగిలిందని చేతిలో ఉన్న చిన్న బేరాలు వదులుకోవద్దన్నాడు. తెలియని చోటికి వెళ్ళి తెలిసినట్టు కొనొద్దన్నాడు. నేను తల ఊపుతూ అన్నీ విన్నాను. వదిన నా భుజం మీద తల పెట్టి హాయిగా నిద్రపోయింది.

తిరుగు బస్సులో, ఆయన ఏం చెప్పాడని అడిగింది. చెప్పాను. ఇవన్నీ మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చెప్పినవే, దీనికి బస్సు చార్జీ దండగ అని నవ్వింది. నిజమే. పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని ఏ ఇంట్లో చెప్పరు? కానీ విన్న మాటను పాటించే రోగం అందరికీ ఉండదు. నాకుంది. ఎవరైనా సరైన మాట ఒకటి చెబితే చాలు, ఉడుంపట్టు పడతాను. మా ఆయన దీన్ని మొండితనం అంటాడు.

వదిన అంటే మా ఆయన అక్క. తమిళనాడులో ఏ. పళ్లిపట్టి అనే ఊళ్ళో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక్క సందు. ఆమెను ఆ ఊళ్ళోనే ఇచ్చారు. నేను కుప్పం వైపు నుంచి కోడలిగా వచ్చినదాన్ని. అక్కడ తెలుగు బడిలో ఏడో తరగతి వరకు చదివాను, అందుకే ఇది రాయగలుగుతున్నాను. మా వీధిలో తెలుగు అక్షరం తెలిసినవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు. ఈ తెలుగువాళ్ళు ఎన్ని తరాల కిందట వచ్చారో, ఎక్కడి నుంచి వచ్చారో వాళ్ళకే తెలియదు. తెలుగు వాళ్ళకు నోట్లో ఉంది, అంతే. గడప దాటితే తమిళం. పొలంలో తమిళం, సంతలో తమిళం, ఆసుపత్రిలో తమిళం. పిల్లలైతే గడప లోపల కూడా తమిళమే. తల్లి తెలుగులో అడుగుతుంది, బిడ్డ తమిళంలో జవాబిస్తుంది, ఇద్దరికీ అందులో వింతేమీ కనిపించదు.

మగవాళ్ళు చాలామంది కట్టడం పనులకు పోతారు. మా ఆయన కూడా హోసూరులో గోడలు పూసి ఆదివారం ఆదివారం ఇంటికి వస్తాడు. వచ్చి నిద్రపోతాడు. పాపం, ఆరు రోజుల ఒళ్ళునొప్పులు ఆయనవి. పెళ్ళయిన కొత్తలో ఆ ఇంట్లో నేనెంత ఒంటరిగా ఉన్నానో ఇప్పుడు చెబితే సిగ్గుగా ఉంటుంది. గోడతో మాట్లాడాను. పిల్లితో మాట్లాడాను. నన్ను అందులోంచి బయటికి లాగింది వదిన అరుగు.

కూలి పనులు సరిగా దొరకని ఒక ఏడు వదిన ఒక చింతచెట్టు మాట్లాడుకుంది. మా వైపు కాయ పచ్చిగా ఉన్నప్పుడే చెట్టుగలవాళ్ళతో ధర మాట్లాడుకుంటారు. చెట్టు కింద నిలబడి, తలెత్తి, కొమ్మ కొమ్మకూ చూసి, ఎంత కాస్తుందో అంచనా కట్టాలి. అంచనా తప్పితే చెట్టుగలవాడు నవ్వుతాడు, మనం ఏడుస్తాం. వదిన అంచనా మా చుట్టుపక్కల తప్పేది కాదు. ఆ చెట్లన్నీ ఆమె చిన్నప్పటి నుంచీ చూసినవి. ఏది ఏటేటా కాస్తుందో, ఏది ఏడు విడిచి ఏడు కాస్తుందో ఆమెకు తెలుసు. నాకు చెట్టు చూస్తే నీడ కనిపిస్తుంది తప్ప మూటలు కనిపించవు. నా పని అమ్మకం. అరూరులో దుకాణాలు, బొమ్మిడిలో రెండు హోటళ్ళు, ధర్మపురిలో ఒక మెస్సు, ఇలా ఒక్కొక్కటీ నేనే తిరిగి పట్టాను.

దులిపిన కాయ ఎండాక వదిన అరుగు మీద పోసేవాళ్ళం. వీధిలో ఆడవాళ్ళు పొలం పనులు ముగించుకుని వచ్చి చుట్టూ కూర్చునేవాళ్ళు. ఒకరు పెచ్చు తీస్తారు, ఒకరు ఈనెలు లాగుతారు, ఇద్దరు ముగ్గురు చిన్న సుత్తితో గింజ కొట్టి తీస్తారు. కూలి ఇచ్చేవాళ్ళం, గింజలు కూడా ఒలిచినవాళ్ళకే. కానీ వాళ్ళు అందుకొక్కదానికే రాలేదని నాకు తెలుసు. మా వీధిలో అంతమంది ఆడవాళ్ళు ఒకచోట చేరి తెలుగులో గొంతెత్తి మాట్లాడుకునే చోటు అదొక్కటే. అత్తల్ని తిట్టేవాళ్ళు, మొగుళ్ళను ఎగతాళి చేసేవాళ్ళు, నా కుప్పం యాసను సాగదీసి వెక్కిరించేవాళ్ళు. నన్నంత ప్రేమగా ఇంకెవరూ వెక్కిరించలేదు. ఇంటికి వచ్చాక వేళ్ళు పులిసిపోయి మండేవి, అయినా మరునాటి సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని.

ఏటా ఒకటి రెండు చెట్లు పెంచుకుంటూ వచ్చాం. అరుగు చాలక మా రెండిళ్ళ ముందూ చప్టాలు వేసుకున్నాం. అంతవరకు బాగానే ఉంది.

అప్పుడు ఆ బేరగాడు వచ్చాడు. ఊరూరా తిరిగి చింతపండు కొని పెద్ద కంపెనీలకు పంపుతాడట. కారు దిగి తమిళంలో ఏదో అడగబోయి, అరుగు మీద మా మాటలు విని ఆగిపోయాడు. "అరె, మీరు తెలుగువాళ్ళా? ఇంత దూరం వచ్చి ఇలా తెలుగు వింటానని అనుకోలేదు అక్కా" అన్నాడు. చక్కటి తెలుగు, రేడియోలో వచ్చేలాంటిది. అరుగు మీద ఒక్క క్షణం సుత్తులన్నీ ఆగిపోయాయి. కారులో వచ్చిన మనిషి, చొక్కా నలగని మనిషి, వాళ్ళతో తెలుగులో మాట్లాడటం వాళ్ళ జన్మలో అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ వాళ్ళకు తెలుగు అంటే పేదవాళ్ళ ఇంటి మాట. మా వదిన ముఖం చూడాలి. లేచి, కొంగు సర్దుకుని, లోపలికెళ్ళి కాఫీ తెచ్చింది. ఎప్పుడూ ఇచ్చే గ్లాసులో కాదు, బీరువాలోంచి కప్పు తీసి మరీ.

నాకు ఆ మైకం ఎక్కలేదు. నేను పుట్టిన చోట అందరూ తెలుగే మాట్లాడతారు. మంచివాడూ తెలుగే, జేబు కొట్టేవాడూ తెలుగే. ఒకడు నా భాష మాట్లాడినంత మాత్రాన నావాడైపోడని నాకు ఏడేళ్ళ వయసులోనే తెలుసు. వదినకు అది తెలిసే అవకాశమే రాలేదు. ఆమె బతుకంతా తెలుగు మాట్లాడినవాళ్ళంటే చుట్టాలే, రక్తం పంచుకున్నవాళ్ళే. పరాయి తెలుగువాణ్ణి ఆమె అంతకుముందు చూడలేదు.

రెండోసారి వచ్చినప్పుడు అసలు మాట ఎత్తాడు. మా సరుకు రంగు బాగుంది, ఎంత చేసినా తీసుకుంటానన్నాడు. చిల్లర దుకాణాల చుట్టూ తిరగడం ఎందుకు, చెట్లు పెంచండి, అరుగు మీద ఇదెంతవుతుంది, రోడ్డు మీద షెడ్డు వేయండి అన్నాడు. వాన పడి రంగు మారితే ఎవరు భరించాలని నేనడిగాను. మధ్యలో ధర పడిపోతే ఏం చేస్తారని అడిగాను. ఏదైనా కాగితం రాసుకుందామా అని కూడా అడిగాను. ఆయన నన్ను చూసి నవ్వి, మనలో మనకు కాగితాలేంటమ్మా అని వదిన వైపు తిరిగాడు. వదిన నా వైపు చూసిన చూపులో, ఇంటికొచ్చిన చుట్టాన్ని అవమానించావే అన్న కోపం ఉంది.

భోజనం పెట్టింది. భోజనమయ్యాక పళ్ళెంలో ఆకులు, వక్క, ఒక పండు పెట్టి ఆయన చేతికిచ్చింది. మా వాళ్ళలో అలా తాంబూలం చేతిలో పెడితే మాట ఖాయం. పెళ్ళి సంబంధమైనా అంతే, చెట్టు బేరమైనా అంతే. పుచ్చుకున్నవాడు వెనక్కి పోడు, ఇచ్చినవాళ్ళు పోరు. ఆ బేరగాడు ఆకు చుట్టుకుని, నములుతూ కారు దాకా నడిచి, కారు పక్కన ఉమ్మేసి వెళ్ళిపోయాడు. ఆయనకది భోజనం తర్వాతి ఆకు. ఆయన తప్పు కూడా కాదు. ఆయన ఉమ్మేయడం నేను చూశాను. వదిన కూడా చూసింది, కానీ ఆమెకు చేతులు మారిన తాంబూలమే కనిపించింది.

ఆ సాయంత్రమే మేమిద్దరం మాట్లాడుకున్నాం. నేను అడ్డుపడలేదు, ఆ మాట గట్టిగా చెప్పగలను. దారి చూపించాను. సగం సరుకు ఆయనకిద్దాం, సగం మన దుకాణాలకుంచుదాం, ఈ ఏడు ఎలా ఉంటాడో చూసి వచ్చే ఏడు షెడ్డు సంగతి చూద్దాం అన్నాను. క్లాసులో చెప్పిన ప్రతి మాటా ఆ దారిలో ఉంది. వదిన చాలాసేపు వినింది.

"తాంబూలం సగం ఇస్తారామ్మే యాడన్నా?" అనింది.

ఇల్లు అలకగానే పండగ కాదు వదినా అన్నాను. నిలబడి నీళ్ళు తాగుదామని కూడా అన్నాను. అయితే నువ్వు నిలబడే ఉండు, నీళ్ళు నేనే తెచ్చిస్తాలే అని నవ్వింది. ఆ నవ్వులో ఇంకా చోటుంది, నేను సరే అంటే చాలు. నేను అనలేదు. తప్పని తెలిసిన పనికి తల ఊపడం నాకు చేతకాదు. నీ దారి నీది, నా దుకాణాలు నావి అన్నాను. వదిన నవ్వడం ఆపేసింది.

ఆడవాళ్ళంతా ఆమెతోనే వెళ్ళారు. ఎందుకు వెళ్ళరు? ఆమె వాళ్ళలో పెద్దది, పుట్టినప్పటి నుంచీ వాళ్ళది. నేను ఎన్నేళ్ళున్నా కుప్పం నుంచి వచ్చినదాన్ని. పైగా షెడ్డులో ఫ్యానులున్నాయి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని నా గురించి కుళాయి దగ్గర అనుకున్నారట. ఎవరన్నారో నాకు తెలుసు, వాళ్ళకు కరివేపాకు ఇవ్వడం మానేశాను.

వదిన చేసిన అప్పుతో అరూరు రోడ్డు మీద రేకుల షెడ్డు లేచింది. వదిన చెట్లు మాట్లాడటానికి మా చుట్టుపక్కల చాలక పాలక్కోడు దాటి తుంబలహళ్లి దాకా వెళ్ళింది. అక్కడి డ్యాము కింద చెట్లు బాగా కాస్తాయని ఎవరో చెప్పారట. కాస్తాయేమో. కానీ అవి ఆమె చిన్నప్పటి నుంచీ చూసిన చెట్లు కావు. ఒక్కరోజు చూసి మాట్లాడుకుని వచ్చేసింది. మా ఆయన ఆదివారం ఈ సంగతి చెప్పాడు. వెళ్ళి చెబుదామనుకున్నాను. మళ్ళీ అదే నోటితో అదే పాట పాడుతున్నానని అంటుందని ఆగిపోయాను.

నా వ్యాపారం నేను చేసుకున్నాను, పద్ధతిగా. చెట్టు చూసే కన్ను నాకు లేదు కాబట్టి చెట్ల జోలికి పోలేదు. రైతులు దులిపిన కాయను కొద్దికొద్దిగా కొన్నాను. లాభం తక్కువ, భయం కూడా తక్కువ. ఒక్క దుకాణాన్నీ వదల్లేదు. చిన్న చిన్న పొట్లాలు కట్టి కొత్తగా నాలుగు కొట్లలో వేశాను. మిగిలిన సరుకు నల్లబడకుండా కోల్డ్ స్టోరేజీలో కొంచెం చోటు పట్టుకున్నాను. పనికి ఇద్దరు తమిళమ్మాయిలను పెట్టుకున్నాను. ఒకామె వత్తల్‌మలై కొండ మీద నుంచి మా ఊరికి కోడలిగా వచ్చింది. మంచి పిల్లలు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తారు, చెప్పిన వేళకు లేచి వెళ్ళిపోతారు.

పని చేస్తూ చేస్తూ నాకు ఏదైనా తమాషా తోచేది. నోరు తెరిచేదాన్ని, తెలుగులో. ఇద్దరూ తలెత్తి చూసేవాళ్ళు. మళ్ళీ దాన్ని తమిళంలో చెప్పేదాన్ని. చెప్పేసరికి అందులో నవ్వు పోయేది, వాళ్ళు మర్యాదకు నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకు చెప్పడం మానేశాను. మా అమ్మాయి ధర్మపురిలో కాలేజీకి పోయి సాయంత్రం వస్తుంది. తిన్నావా అంటే తమిళంలో తిన్నానంటుంది, ఫోను తీసుకుని కూర్చుంటుంది. దాన్ని తప్పు పట్టను. ఆదివారం మా ఆయన నిద్ర లేచేదాకా చూసి, లేచాక ఏం చెప్పాలనుకున్నానో మరిచిపోయేదాన్ని. వారమంతా దాచుకున్న మాటలు అలాగే పులిసిపోయేవి.

అరూరుకు సరుకు తీసుకుపోయే బస్సు షెడ్డు ముందు నుంచే పోతుంది. అక్కడ స్టాపు ఉంది. బస్సు ఆగినప్పుడు లోపలి నుంచి సుత్తుల చప్పుడు, మధ్యలో వదిన గొంతు, ఆ వెంటనే అందరి నవ్వు వినిపించేవి. నేను అటు పక్క సీటులో కూర్చునేదాన్ని కాదు. నాకు ఏడుపొచ్చేది, అసూయతోనే. వాళ్ళు మునుగుతారని తెలిసి కూడా ఆ నవ్వులో నేను లేనని ఏడుపు.

వదిన నాతో మాట మానేసి ఉంటే బాగుండేది. మానలేదు. సందులో ఎదురైతే "బాగుండావా" అని అడిగి, జవాబు వినేదాకా ఆగి, వెళ్ళిపోయేది. సంతలో తెలిసినవాళ్ళను అడిగినట్టు. ఏమ్మే అని పిలవడం పోయింది. కోపంగా తిట్టి ఉంటే నేనూ తిరిగి తిట్టేదాన్ని, సాయంత్రానికి ఇద్దరం ఒకటయ్యేవాళ్ళం. మర్యాదకు ఎదురు ఏం చేయాలో నాకు తెలియలేదు.

మొదటి లారీ వెళ్ళినప్పుడు బేరగాడే స్వయంగా వచ్చి స్వీట్లు పంచాడట. రెండో లారీకి డ్రైవరొచ్చాడు. ఆ తర్వాత ఫోను చేస్తే "చూద్దాం అక్కా" అన్నాడు. ఆ చూద్దాం చాలా రోజులు నడిచింది. తుంబలహళ్లి చెట్లలో సగం ఆమె అనుకున్నంత కాయలేదు, కాసినవి వచ్చేసరికి ఆలస్యమైంది. చిత్తిరై నెలలో, నడి ఎండాకాలంలో, అనుకోకుండా వానలు పట్టుకున్నాయి. రేకుల కింద ఉక్కకు సరుకు చెమ్మగిల్లి రంగు దిగింది. వేరే వైపు చవగ్గా దొరుకుతోందని ఆ బేరగాడు అక్కడ కొనుక్కున్నాడు. అంతే జరిగింది. ఆయన మోసం చేశాడని నేననను. మాట ఇచ్చింది వదిన. ఆయన ఆకు నమిలాడు.

నా సరుకుతో పాటు కోల్డ్ స్టోరేజీలో పెడతాను, రంగు బాగున్న మూటలు పంపమని మా ఆయనతో చెప్పి పంపాను. పంపలేదు. రెండోసారి కూడా అడిగించాను. వద్దని చెప్పమంది. నల్లబడిన చింతపండంతా ఇత్తడి సామాన్లు తోమేవాళ్ళకూ, పాత పండు కొనేవాళ్ళకూ పోయింది. షెడ్డును ఇప్పుడు ఎవరో సిమెంటు ఇటుకల వాళ్ళు తీసుకున్నారు. ఆడవాళ్ళు తలా ఒక దిక్కు పోయారు. కొందరు నూలు మిల్లుకు, కొందరు మొగుళ్ళ వెంట కట్టడం పనులకు. నా దగ్గర పని ఉందని అందరికీ తెలుసు. ఒక్కరూ రాలేదు.

నేను చెప్పినట్టే జరిగింది. క్లాసులో ఆ పెద్దమనిషి చెప్పినట్టే, ఒక్కొక్క మాటా వరసగా జరిగింది. ఆ సంగతి నేనెవరి ముందూ అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. అనకపోతే ఏం, నేను వీధిలో నడుస్తుంటే నా నడకే ఆ మాట అంటున్నట్టు అందరూ తల తిప్పుకునేవాళ్ళు.

మళ్ళీ కాయ పండే కాలం వచ్చింది. ఇక నేనే వదిన ఇంటికి వెళ్ళాను. ఏం చెప్పాలో బాగా ఆలోచించుకుని వెళ్ళాను. దుకాణాలు పెరిగాయి, నా ఒక్కదానివల్ల కావడం లేదు. చెట్లు చూసే పని నీది, అమ్మే పని నాది, పంచుకోవడం సగం సగం. అరుగు మీదే చేద్దాం, షెడ్డు వద్దు, ఏటికి ఒకటి రెండు చెట్లే పెంచుదాం, ఏ ఒక్కరికీ మూడో వంతు కంటే ఎక్కువ అమ్మొద్దు. ఇంత చక్కటి ఏర్పాటు ఏ క్లాసులోనూ చెప్పరు. కానీ నిజం చెబితే, నాకు చెట్లు అక్కర్లేదు. ఆ అరుగు మీద ఆమె పక్కన కూర్చోవాలి. అది అడగడానికి నోరు రాక వ్యాపారం మాట తీసుకెళ్ళాను.

వదిన గిన్నెలను గోనెసంచిలో సర్దుతోంది. తను, మా అన్నయ్య, అంటే ఆమె మొగుడు, ఇద్దరూ మరునాడు హోసూరు వెళ్తున్నారట. అక్కడ పెద్ద కట్టడం పని, ఉండటానికి రేకుల గది ఇస్తారట. ఈ వయసులో ఇసుక తట్టలు మోస్తావా అన్నాను. మోసేవాళ్ళంతా పడుచువాళ్ళేనా అని సంచి బిగించింది. నేను చెప్పవలసిందంతా చెప్పాను. ఆమె గిన్నెల మధ్య పాత గుడ్డలు కుక్కుతూ వినింది.

"నువ్వు చెప్పేది సరిగానే ఉంటాది. ఎప్పుడూ సరిగానే ఉంటాది" అనింది.

అయితే ఉండు అన్నాను. పోయిన సంవత్సరం సంగతి నేనెన్నడూ ఎత్తను, ఒట్టు అన్నాను.

వదిన చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. కోపం లేదు. అరుగు మీద నవ్వుతూ మాట్లాడేదే, ఆ గొంతుతోనే చెప్పింది. "నువ్వు ఎత్తవు, నాకు తెలుసు. మే, అప్పుడు నాకు సరైన మాట చెప్పేదానికి శానామంది ఉండిరి. మా ఆయన చెప్పినాడు, నా తమ్ముడు చెప్పినాడు, ఆ క్లాసాయప్ప చెప్పినాడు. నాతో కూడా వచ్చి తప్పు చేసేదానికి నువ్వొకతివే ఉంటివి. నువ్వు రాలేదు."

ఇద్దరం మునిగేవాళ్ళం కదా వదినా అన్నాను.

"ఇద్దరం ఉండేవాళ్ళం" అనింది.

నాకు కోపం వచ్చింది. చాలా కోపం. ఇంటికొచ్చి గిన్నెలు దబదబా పడేస్తూ తోమాను. ఇదేం న్యాయం? కళ్ళుండి గుంతలో పడలేదని నా మీద నింద. నేను కూడా పడి ఉంటే ఈ రోజు ఎవరు చెయ్యి ఇచ్చేవాళ్ళు? ఈ ప్రశ్న ఇప్పటికీ అడుగుతాను. నా వైపు న్యాయం ఉందనే ఇప్పటికీ అంటాను. కానీ ఏ రోజూ ఆ న్యాయం నా పక్కన కూర్చుని ఒక్క ఈనె లాగలేదు.

మరునాడు పొద్దున కూడలికి వెళ్ళాను, సాగనంపడానికి. ఆ ఏడు మొదటి కాయ మా ఇంటి ముందు చప్టా నిండా ఎండబోసి ఉంది. ఆకాశం మబ్బుగా ఉంది. ఆ రోజు తమిళమ్మాయిలిద్దరూ సెలవు పెట్టారు. బస్సు వచ్చింది. అన్నయ్య మూటలు పైకెక్కించాడు. వదిన లోపల కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీగా ఉంది. అన్నయ్య ముందుకెళ్ళి మగవాళ్ళ వైపు కూర్చున్నాడు. వదిన కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

"ఎక్కమ్మే. రెండ్రోజులుండి వద్దువు. నీ మొగుడూ ఆడనే కదా ఉండాడు. దావంతా మాట్లాడుకుంటా పోదాం" అనింది.

అన్ని నెలల తర్వాత ఎక్కమ్మే అని పిలిచే ఆ గొంతు. నేను ఆకాశం వైపు చూశాను. సరుకు ఎండబోశాను వదినా, మబ్బు పట్టింది, తడిస్తే అంతా నల్లబడిపోతుంది అన్నాను. అందులో అబద్ధం లేదు. ఎవరైనా అదే అనేవాళ్ళు, అదే సరైన మాట. వదిన నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, "అదీ నిజమే, పో, పోయి ఎత్తుకో" అని వదిలేసింది. కండక్టరు విజిలేశాడు. హోసూరు రోడ్డు మలుపు తిరిగేదాకా బస్సును చూసి, ఇంటికి పరుగెత్తాను.

చింతపండు పక్కన గోనెపట్టాలు చేతిలో పట్టుకుని కూర్చున్నాను, చినుకు పడగానే కప్పేద్దామని. మధ్యాహ్నానికి మబ్బు విడిపోయింది. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. వాన రాలేదు.